సంఖ్య వేయని సమీక్ష

ఆ ఏడు ఏప్రిల్ ఆఖరివారంలో మా వీధి వీధంతా మిరప ఘాటుకు తుమ్ముతూ ఉండగా, నేను జీవితంలో మొదటిసారి ఒక జపాను అనిమే చూడటానికి కూర్చున్నాను. డెబ్బై ఒకటో ఏట నన్ను ఆ పనికి పురిగొల్పినవి రెండు: నా కూతురి ఫిర్యాదు, మా పత్రిక సంపాదకుడి ఫోను.

ఫిర్యాదు ముందు వచ్చింది. నా కూతురు హెలెన్ మా పర్చూరు పక్క ఊరి బడిలో టీచరు. అల్లుడు మార్క్‌ది విజయవాడలో రైల్వే ఉద్యోగం కావడంతో ఆమె, ఆమె కూతురు కెజియా మా దగ్గరే ఉంటారు. ఉంటారు అనడం కెజియా విషయంలో సరికాదు. ఏడాదిగా ఆ పిల్ల గుంటూరులో ఒక రెసిడెన్షియల్ కాలేజీ హాస్టల్లో ఇంటర్ చదువుతోంది. మొదటి సంవత్సరం పరీక్షలయ్యాక పద్దెనిమిది రోజుల సెలవు ఇచ్చారు. మే పన్నెండు సాయంత్రానికి మళ్ళీ గేటు లోపల ఉండాలి.

“దీని ఫోను చూడు నాన్నా. పుస్తకం తెరవదు. పొద్దస్తమానం బొమ్మలు. అవి కూడా ఏడుపుగొట్టు బొమ్మలు,” అని హెలెన్ ఫోను తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

“బొమ్మలు కాదు, అనిమే,” అంది కెజియా గుమ్మంలోంచి.

“ఏదైతే ఏం, మెడిసిన్ సీటు తెస్తుందా?”

అదే సాయంత్రం రోశయ్య ఫోను చేశాడు. ఒంగోలు నుంచి వెలువడే మా హేతువాద మాసపత్రికకు ఆయనే సంపాదకుడు, ఆయనే ప్రూఫ్ రీడరు. “జక్రయ్య గారూ, జూన్ సంచిక పిల్లల ప్రత్యేకం. ఈ జపాను బొమ్మల్లో సైన్సు ఎంత, మూఢనమ్మకం ఎంత, పిల్లల బుర్రల మీద ఏం పని చేస్తున్నాయి... ఒకటి చూసి సమీక్ష రాయండి. కింద అయిదుకి ఇన్నని మార్కులు వేయండి. మార్కులు లేకపోతే ఎవరూ చదవట్లేదండీ.”

మార్కుల మీద నాకు అభ్యంతరం లేదు. మా నాన్న ఇతరుల మిరప కల్లాల్లో తాలుకాయ ఏరేవాడు. ఎర్రకాయ ఒక కుప్ప, తెల్లబడిన తాలుకాయ ఒక కుప్ప. నన్ను ఆ కల్లంలోంచి బయటికి తెచ్చింది లెక్కల్లో నూటికి తొంభై ఆరు. ఆ కాగితం మీద నా పేరు, మా పేట పేరు చూసి మొహం చిట్లించినవాళ్ళు కూడా ఆ అంకెను కొట్టివేయలేకపోయారు. మనిషి కంటే అంకె న్యాయమైనదని, భౌతికశాస్త్రం చెప్పిన నా ఉద్యోగకాలమంతా నమ్మాను.

అందువల్ల ఒక ఒప్పందం చేశాను. రోజూ నాలుగు గంటలకు ఒక భాగం, ఇద్దరం కలిసి. చూశాక చర్చ. నా నోటుబుక్కులో పరిశీలనలు. నేను పక్కనుంటే సరేనంది హెలెన్. కెజియా మాత్రం ఒక షరతు పెట్టింది: “మధ్యలో ఆపి క్లాసు చెప్పకూడదు.” ఆ షరతు మూడో నిమిషంలోనే తప్పాను.

ధారావాహిక పేరును తెలుగు చేస్తే ‘ఎనిమిది ద్వారాల నగరం’ అవుతుంది. ఒకదాని లోపల ఒకటిగా ఎనిమిది గోడలు, ప్రతి గోడకూ ఒక తలుపు. ప్రతి మనిషి ముంజేతికీ ఒక పట్టీ, దాని మీద ఒక సంఖ్య. ఏడు రోజులకొకసారి గంట మోగుతుంది, సంఖ్యలు మారతాయి. ఎవరు ఏ గోడ లోపల పడుకోవాలో, ఎవరితో కలిసి తినాలో ఆ సంఖ్య నిర్ణయిస్తుంది. కాపలావాళ్ళు లేరు, రాజు లేడు. తలుపులే చూసుకుంటాయి. ఆరో గోడ దగ్గర యూరి అనే పదిహేనేళ్ళ అమ్మాయి ఉంటుంది. కథ ఆమెది.

“ఈ నగరానికి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోంది?”

“తాతయ్యా!”

“సరే. మరి అన్నం ఎక్కడ పండిస్తున్నారు? ఎనిమిది గోడల మధ్య నాకు ఒక్క సెంటు పొలం కనిపించలేదు.”

“ప్రపంచంలో ఎవరికీ రాని డౌట్లన్నీ నీకే వస్తాయి,” అని నవ్వింది. ఇంటికి వచ్చి నాలుగు రోజులైంది; ఆ పిల్ల నవ్వడం అదే మొదటిసారి. ఆ సంగతి నోటుబుక్కులో రాసుకోలేదు. రాసుకున్నవి వేరే ఉన్నాయి. అన్నం ఏడు నిమిషాల్లో ముగిస్తోంది. చెప్పులు గోడకు ఆనించి వరుసలో పెడుతోంది. ఒకరోజు మధ్యాహ్నం నా కుర్చీ దగ్గరికి వచ్చి, “తాతయ్యా, బాత్రూమ్‌కి వెళ్ళొచ్చా?” అని అడిగి, నేను తల ఎత్తేసరికి నాలుక కరుచుకుంది. ‘క్రమశిక్షణ మెరుగుపడింది’ అని రాశాను. ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

మా ఇంట్లో ముప్పై మూడేళ్ళుగా సాగుతున్న ఏర్పాటు ఒకటి చెప్పాలి. సాయంత్రం ఆరున్నరకు నా భార్య రెబ్కా కుటుంబ ప్రార్థన పెడుతుంది. ముందు ఒక కీర్తన. తరువాత ఒక్కొక్కరూ తమ ప్రార్థన అంశాన్ని పైకి చెప్పాలి. చివర ఆమె అందరి తరఫునా ప్రార్థిస్తుంది. అక్కడ చెప్పిన మాట చాప దాటి బయటికి రాకూడదన్నది రెబ్కా నియమం. కీర్తన మొదలయ్యే లోపు లేచి, చెప్పులు వేసుకుని వీధి చివర సైదాబీ కల్లం దాకా నడిచి రావడం నా నియమం. నమ్మనివాడు నమ్మేవాళ్ళ మధ్య కూర్చోవడం ఇద్దరికీ అగౌరవమని నా సిద్ధాంతం. “మీ తాతయ్య దేవుడికి చోటిచ్చి వెళ్తున్నాడు,” అని రెబ్కా కెజియాతో అంటూ ఉంటుంది.

కల్లంలో ఎండిన కాయ మీద పట్టా కప్పుతూ సైదాబీ పలకరించేది. “ఏం సారూ, మీరొచ్చారంటే ఆరున్నరైనట్టే. నేను ఫోను చూసుకోనక్కర్లేదు.” ఒకరోజు మాత్రం పట్టా వదిలి నిలబడింది. “మనవరాలు అట్టా చిక్కిపోయిందేంది సారూ? మాటా పలుకూ లేదు. కల్లం పక్కన నిలబడి గంటసేపు తాలుకాయ ఏరేవాళ్ళనే చూస్తా ఉంది.”

“చదువు ఒత్తిడమ్మా,” అన్నాను.

ఏడో భాగం చూసిన రోజు మే మూడు. అందులో యూరి స్నేహితురాలి సంఖ్య తగ్గి, ఆమె అయిదో గోడ బయటికి పోవాల్సి వస్తుంది. తలుపు మూసుకుంటుంది. కెజియా ఫోను ఆపేసింది. నేను ఏమీ అడగక ముందే చెప్పడం మొదలుపెట్టింది, ఎదురుగా ఉన్న గోడతో మాట్లాడుతున్నట్టు.

“పొదిలి నుంచి అర్ఫా అని ఒకమ్మాయి తాతయ్యా. నా పక్క మంచం. ఇద్దరం రెండో సెక్షన్. మొత్తం పదకొండు సెక్షన్లు. ఆదివారం పరీక్ష, సాయంత్రం ఆరింటికి లిస్టు. నవంబర్లో దానికి జ్వరం వచ్చి రెండు పరీక్షలు పోయాయి. అయిదో సెక్షన్లోకి వేశారు. అయిదో సెక్షన్ అంటే పై అంతస్తు. భోజనం టైము వేరు, ఇంటికి ఫోను టైము వేరు. వేరే సెక్షన్ వాళ్ళతో మాట్లాడితే ఇద్దరికీ వార్నింగ్.”

“మరి నీ మార్కులు డిసెంబర్లో ఎందుకు పడిపోయాయి?” ఆ నెల నేను ఫోనులో పావుగంట సేపు ఏకాగ్రత గురించి ఉపన్యాసం ఇచ్చాను.

“కావాలని తప్పులు రాశాను. దాని సెక్షన్లోకి వెళ్దామని. మొదటి వారం కదల్లేదు. రెండో వారం మూడో సెక్షన్. మూడో వారం నాలుగు. నాలుగో ఆదివారం అయిదో సెక్షన్లో నా పేరు పడింది. అదే లిస్టులో అర్ఫా పేరు రెండో సెక్షన్లో ఉంది. నా కోసం అది నెల రోజులు తెల్లారుజామున లేచి చదివిందంట. మెట్ల మీద ఎదురయ్యాం తాతయ్యా. ఇద్దరి నెత్తి మీదా పరుపులు. నేను పైకి, అది కిందికి. నవ్వొచ్చింది. వార్డెన్ అరిచింది.”

“తరువాత?”

“తరువాత ఏముంది. ఎవరు కదలాలో, ఎవరు ఆగాలో ముందు మాట్లాడుకోవాలి కదా. మాట్లాడుకోవడానికి లేదు కదా.”

నేను శాస్త్రం చదివినవాణ్ణి. నాకు తోచిన ప్రశ్న అదే అడిగాను. “నాలుగు వారాలు ఎందుకు పట్టింది?”

ఆమె నా నోటుబుక్కు తీసుకుని రాసి చూపించింది. ఈ వారం మార్కుకు నాలుగు పాళ్ళు, పోయిన వారానికి మూడు, అంతకు ముందు వారానికి రెండు, దానికి ముందుదానికి ఒకటి. కూడి పదితో భాగించాలి. “గోడ మీద పెద్ద ఫ్లెక్సీ ఉంటుంది. కింద, ‘ఒక్కరోజు పొరపాటుకు ఏ విద్యార్థీ నష్టపోరాదు’ అని.”

ఆ వాక్యం నాది.

పదేళ్ళ కిందట, రిటైరైన కొత్తలో, ఆ కాలేజీకి రెండేళ్ళు సలహాదారుగా పనిచేశాను. అప్పుడక్కడ పిల్లల్ని సెక్షన్లుగా విడదీయడం సిఫార్సుల మీద, ఇంటిపేర్ల మీద నడిచేది. దాన్ని ఆపడానికి ఒక ఆదివారమంతా కూర్చుని ఆ పట్టిక వేశాను. నాలుగు, మూడు, రెండు, ఒకటి. నోటితో చేసుకోగల లెక్క. జ్వరం వచ్చిన పిల్ల మీద దయతలచి పెట్టిన పాళ్ళవి. హెలెన్‌కు కూడా నేనక్కడ పాఠాలు చెప్పివచ్చానని తెలుసు గాని, ఈ సంగతి తెలియదు.

“ఈ నగరం ఎవరు కట్టారో చివర్లో చెప్తారా?” అని అడిగాను.

“నేనూ చివరి భాగం చూడలేదు. చెడ్డవాడైతే బాగుండు.”

“ఎందుకు?”

“మంచివాడైతే తిట్టలేం కదా.”

మర్నాడు పొద్దున్నే, పత్రిక పని ఉందని చెప్పి గుంటూరు బస్సెక్కాను.

ప్రిన్సిపాల్ శ్యామ్ సుందర్ నా పాత విద్యార్థి. నన్ను చూడగానే లేచి నిలబడి, తన కుర్చీలో కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. ఆయన వెనక గోడ మీద నా పట్టిక ఉంది, రంగుల్లో.

“మీ పద్ధతే సార్. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో పెట్టాం. నాలుగు బ్రాంచీల్లో నడుస్తోంది.”

“ఏ సెక్షన్‌కు పాఠం ఏ స్థాయిలో చెప్పాలో తెలుసుకోవడానికి నేనది వేశాను శ్యామ్. ఇందులోకి భోజనం ఎలా వచ్చింది? మంచం ఎలా వచ్చింది?”

“వెయ్యి మంది పిల్లలు సార్. భోజనాలకు టైము సర్దాలి, గదులు సర్దాలి. దేని ప్రకారమో ఒకదాని ప్రకారం పెట్టాలి. ఇది న్యాయంగా ఉంది, దీనికే లింకు పెట్టాం.”

“తీసేయ్.”

“తీసేసి దేని ప్రకారం పెట్టమంటారు? రికమెండేషన్ల ప్రకారమా? రికమెండేషన్ కంటే అంకె మేలని మాకు నేర్పింది మీరే కద్సార్.” అతని గొంతులో వెటకారం లేదు. తరువాత ముందుకు వంగి గొంతు తగ్గించాడు. “కెజియా మీ మనవరాలని నాకు మీరు చెప్పాకే తెలిసింది. ఒక్క మాట చెప్పండి సార్, రెండో సెక్షన్లో నేనే చేత్తో వేసేస్తాను.”

నా జీవితంలో నన్నెవరూ అంత మర్యాదగా అవమానించలేదు. అతను అవమానించానని అనుకోలేదు కూడా. టీసీ అడిగాను. “తల్లిదండ్రుల సంతకం కావాలి సార్. తాతగారిది చాలదు,” అన్నాడు, నిజంగా బాధపడుతూ.

బయటికి వస్తూ మెట్ల దగ్గర ఆగాను. మామూలు మెట్లు. ఇద్దరు మనుషులు నెత్తిన పరుపులతో ఎదురైతే ఒకరు గోడకు ఒత్తుకోవాలి.

చిలకలూరిపేట దగ్గర బస్సు ఆగిపోయి, నేను ఇల్లు చేరేసరికి ఆరున్నర దాటింది. తలుపు ఓరగా వేసి ఉంది. కీర్తన అయిపోయింది. నా సిద్ధాంతం ప్రకారం వెనుదిరిగి కల్లం వైపు నడవాలి. ఎండలో పడి వచ్చినందున కాళ్ళు కదలక గుమ్మం పక్కన చేరగిలబడ్డాను.

“నాది రోజూ చెప్పే అంశమే అమ్మమ్మా,” అంటోంది కెజియా. “పన్నెండో తారీఖు లోపల జ్వరం రావాలి. మామూలు జ్వరమైతే మాత్రలిచ్చి పంపేస్తారు. టైఫాయిడ్ అయితే మూడు వారాలు.”

“హెలెన్, నీది?” అంది రెబ్కా.

“దానికి బుద్ధి రావాలి. నాకు ఓపిక రావాలి.”

“ప్రభువా, ఈ అంశాలన్నీ నీకు తెలుసు. వీధిలో తిరుగుతున్న ఆయన సంగతీ నీకు తెలుసు...”

రోజూ చెప్పే అంశం. నేను నోటుబుక్కు పట్టుకుని ఆ పిల్ల ముఖంలో దేని కోసం ఆధారాలు వెతుకుతున్నానో, అది ప్రతి సాయంత్రం నా ఇంట్లో, నా కుర్చీకి పది అడుగుల దూరంలో, స్పష్టమైన తెలుగులో పైకి చెబుతూనే ఉంది. ఆ ఇంట్లో అది వినని మనిషిని నేనొక్కణ్ణే. వినకుండా ఉండటానికి రోజూ చెప్పులు వేసుకుని మరీ వెళ్ళాను.

చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి చాప అంచున కూర్చున్నాను. రెబ్కా ప్రార్థన మధ్యలో ఆగిపోయింది. ముప్పై మూడేళ్ళలో ఆమె ప్రార్థన ఆగడం నేనెరుగను.

“తాతయ్యా, ఇది ప్రార్థన,” అంది కెజియా, నేను దారి తప్పి వచ్చాననుకుని.

“తెలుసమ్మా. నేను ప్రార్థించను. నాకూ ఒక అంశం ఉంది. ఆ కాలేజీ గోడ మీద ఉన్న పట్టిక నేను వేసింది. నాలుగు, మూడు, రెండు, ఒకటి. కింది వాక్యం కూడా నాదే.”

ముందుగా మాట్లాడింది హెలెన్.

“ఆ తలుపు వెనక చూడు నాన్నా. నా పదో తరగతి మార్కుల గ్రాఫు. నువ్వు పెన్సిల్‌తో గీసింది. రెండుసార్లు ఇంటికి రంగులు వేయించావు, ఆ జానెడు గోడ మాత్రం వదిలేయించావు. అంకె అబద్ధం చెప్పదని నువ్వు నాకు చెప్పావు, నేను దీనికి చెప్పాను. ఇప్పుడు నువ్వు ఇటు తిరిగితే నేను ఎవరి మాట వినాలి?”

“నా మాట వద్దు. దాని మాట విను. టైఫాయిడ్ కావాలంటోందమ్మా.”

“వారం రోజుల్నుంచి వింటున్నాను నాన్నా. వినట్లేదనుకున్నావా?” అని లేచి వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి బియ్యం కడుగుతున్న చప్పుడు వినిపించింది. చాలాసేపు కడిగింది.

“ఆమేన్,” అంది రెబ్కా, ఎక్కడో ఒకచోట ముగించాలి గనుక.

మర్నాడు పొద్దున నేను పేపరు చదువుతుండగా హెలెన్ పెన్ను పట్టుకుని వచ్చి నిలబడింది. “టీసీకి సంతకం ఎక్కడ పెట్టాలి?” ఆ ఆదివారం తలుపు వెనక జానెడు గోడకు తనే రంగు వేసింది. మిగతా గోడకు, దానికి రంగు కలవలేదు. ఇప్పటికీ అతుకు కనిపిస్తూనే ఉంటుంది.

కెజియా నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆమెకు ఆ హక్కు ఉందని నేనూ పలకరించలేదు. మూడో రోజు నాలుగింటికి ఫోను తెచ్చి నా బల్ల మీద నీళ్ళ చెంబుకు ఆనించి నిలబెట్టింది. “ఎనిమిదో భాగం,” అంది.

పన్నెండో భాగంలో యూరి ఎనిమిదో తలుపు కూడా దాటుతుంది. లోపల చిన్న గది. గదిలో ఒక కుర్చీ. కుర్చీ మీద వేలు పెడితే గుంట పడేంత దుమ్ము. ఎవరో కూర్చుని, ఏనాడో లేచి వెళ్ళిపోయారు. పైన గంట దానంతట అదే మోగుతోంది. ఎనిమిది గోడల పొడవునా తలుపులు తెరుచుకుంటున్న, మూసుకుంటున్న శబ్దం. అక్కడితో ముగిసింది.

“ఇవాళ డౌట్లు లేవా?” అంది కెజియా.

“ఒకటుంది. కుర్చీలోంచి లేచినవాడు ఎటు వెళ్ళాడు?”

“పర్చూరు,” అంది, నా వైపు చూడకుండా. తరువాత చూసింది.

సమీక్ష మూడు పేజీలు రాశాను. కరెంటు గురించి, పొలాల గురించి నా అభ్యంతరాలు అలాగే ఉంచాను. దుర్మార్గుడు లేకుండా దుర్మార్గం నడవగలదని ఒక బొమ్మల కథ నాకు నేర్పిందని రాశాను. నేను కట్టిన నగరం గురించి ఒక పేరా రాశాను. అది తీసేయమని రోశయ్య అడిగాడు, నేను ఒప్పుకోలేదు. మార్కుల దగ్గర మాత్రం ఖాళీ వదిలాను. జూన్ సంచిక వచ్చింది. ఖాళీ బాగుండదని రోశయ్య తనే అయిదుకి మూడున్నర వేశాడు. కెజియా పెన్ను తీసుకుని మా కాపీలో దాన్ని కొట్టేసింది.

ఇప్పుడు ఆమె పర్చూరులోనే సర్కారు కాలేజీలో రెండో సంవత్సరం చదువుతోంది. శ్యామ్ సుందర్‌కు రెండు ఉత్తరాలు రాశాను. భోజనానికీ మంచానికీ పట్టికతో సంబంధం తెంచమని, లేదా ఆ కింది వాక్యమైనా తీసేయమని. జవాబు రాలేదు. నాలుగు బ్రాంచీల్లో అది నడుస్తూనే ఉంది. నడవడానికి దానికి నా అనుమతి అక్కర్లేదు. అర్ఫా ఇంకా అక్కడే ఉంది.

ఆదివారం సాయంత్రం ఆరు కాగానే కెజియా చేస్తున్న పని ఆపేస్తుంది. తింటుంటే చెయ్యి కంచంలోనే ఆగిపోతుంది. ఆ లిస్టులో తన పేరు ఉండదని తెలుసు. అయినా అరగంట పాటు గోడ గడియారం వైపు చూడకుండా ఉండలేదు. ఆరున్నరకు రెబ్కా చాప పరుస్తుంది. నేను చెప్పుల వైపు వెళ్ళడం లేదు. కల్లం దగ్గర నేను రావడం మానేశాక టైము తెలియడం లేదని సైదాబీ కబురంపింది.

“నా అంశం అర్ఫా,” అంటుంది కెజియా. “ఈ వారం ఏ సెక్షన్లో పడిందో తెలియదు.”

పైన వినేవాడు ఉన్నాడని నాకిప్పటికీ నమ్మకం లేదు. చాప అంచున కూర్చుని నేనే వింటున్నాను.